పొంగిన రొట్టె

"నా మెషిన్ని ఆడిపోసుకుంటే ఊరుకోను!" అంది అత్తగారు షాపు నడిమధ్యలో నిలబడి. బ్రెడ్ మెషిన్లు చూస్తున్న వాళ్ళంతా గిరుక్కున ఇటు తిరిగారు.

కోడలికి తల కొట్టేసినట్లయింది. అయినా తగ్గలేదు.

"ఆడిపోసుకోక నెత్తిన పెట్టుకోమంటారా? పాపకి గోధుమ పడదని డాక్టర్ చెప్పిన దగ్గర్నుంచీ దాని కంచంలోకి రవ్వంత కూడా రానివ్వలేదు. అయినా కడుపునొప్పి తగ్గదు. పిల్ల పుల్లలా అయిపోయింది. ఏళ్ళ తరబడి మీరు ఆ మెషిన్లో గోధుమ రొట్టెలు కాల్చారు. ఆ పిండే ఏ మూలో ఇరుక్కుని ఉంటుంది."

"రోజూ నా చేత్తో తోముతున్నాను. గిన్నె అద్దంలా ఉంటుంది. కావాలంటే నాకి చూసుకో!"

షాపతను జిడ్డునవ్వుతో మధ్యలో దూరాడు. "ఇది తీసుకోండి మేడం. గోధుమలో ఉండే గ్లూటెన్ లేని పిండికి వేరే బటనే ఉంది. గోధుమపిండిలా రెండుసార్లు పొంగించదు, ఒక్కసారికే కాల్చేస్తుంది."

"బటన్ నొక్కితే వంటొచ్చేస్తుందా?" అత్తగారు మూతి తిప్పింది. "మొన్న నువ్వు చేసిన బియ్యప్పిండి రొట్టె పిల్ల ముట్టుకుందా? ఇటుకే అది! తలుపుకి అడ్డం పెట్టుకోవచ్చు. అదే మెషిన్లో నేను చేస్తే దూదిలా పొంగింది. పిల్ల ఇంకో ముక్క అడిగి మరీ తింది. చేతకాని వాళ్ళకి ఎన్ని మెషిన్లు కొనిచ్చినా ఒకటే."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజమే మరి! నానమ్మ రొట్టె అంటే పాప ప్రాణం పెడుతుంది, అమ్మ రొట్టె అంటే మొహం తిప్పుకుంటుంది. ఏ తల్లికైనా ఇంతకన్నా కడుపుమంట ఏముంటుంది? కానీ పొట్ట పట్టుకుని మెలికలు తిరిగే పిల్లని భుజాన వేసుకుని తిరిగేది తనే. ఈసారి తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని డాక్టర్ తేల్చి చెప్పేశాడు.

"ఇదే ప్యాక్ చెయ్యండి," అంది పళ్ళు బిగించి. "ఇవాళ్టి నుంచి మీ మెషిన్ అటకెక్కుతుంది, అత్తయ్యా. పాప రొట్టె నేనే చేస్తాను."

"చెయ్యి, చెయ్యి. పిల్ల విసిరికొడితే నా కాళ్ళ దగ్గరికే వస్తావు."

షాపతను ఊరుకోవచ్చు కదా! "అయినా పెద్దమ్మగారూ, బియ్యప్పిండి రొట్టె దూదిలా పొంగడం నేనెక్కడా చూడలేదండీ. మా కంపెనీ వాళ్ళు దగ్గరుండి చేసి చూపించినా అంత పొంగదు."

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్లు అత్తగారి మొహం వెలిగిపోయింది. కోడలి వైపు ఓరగా ఒక చూపు విసిరి, షాపంతా వినబడేలా అంది:

"ఉత్త బియ్యప్పిండి ఎలా పొంగుతుందయ్యా, పిచ్చివాడా! పిడికెడంటే పిడికెడే, అందులో గోధుమపిండి కలపొద్దూ?"