ఒక్కరు చాలు

రెండువేల ఒకటిలో, మాసన్ లేక్స్ అనే ఊళ్లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మునిగిపోకుండా ఉండాలని కస్టమర్ల కంప్లెయింట్లు చూసే సపోర్ట్‌లోని ఆరుగురిలో ఐదుగుర్ని తీసేసింది. వాళ్ల కంప్యూటర్లు కూడా అమ్మేసింది. రాత్రి షిఫ్టుకి కనీజ్ ఒక్కతే మిగిలింది. అయినా పని ఆగలేదు. "చూశారా, ఒక్కరు చాలు" అని మేనేజర్ మురిసిపోయాడు.

నిజానికి సగం కంప్లెయింట్లు కనీజ్ ముట్టుకోకముందే పూర్తయిపోతున్నాయి. ఎవరు చేస్తున్నారా అని ఒక రాత్రి వాటిని తెరిచి చూసింది. అన్నిటి కిందా ద్వారకానాథ్ అంకుల్ పేరే ఉంది. ఆ ఐదుగురిలో ఒకరైన ఆయన్ని తీసేసి నెలయింది. ఆయన కంప్యూటర్ ఉన్నచోట, బల్లమీది దుమ్ములో చదరపు ఖాళీ మాత్రం మిగిలింది.

భయపడుతూనే ఆయన ఇంటికి ఫోన్ చేసింది.

"పడుకున్నారమ్మా" అంది ఆయన భార్య విద్యావతి ఆంటీ గొంతు తగ్గించి. "రోజూ షిఫ్ట్ టైమ్‌కి అలా కుర్చీలోనే నిద్రపోతారు. వేళ్లు మాత్రం ఆడుతూనే ఉంటాయి. నొప్పి పుడుతుందని ఒళ్లో దిండు పెట్టాను."

"లేపండి ఆంటీ, ప్లీజ్."

"లేపితే ఏడుస్తారమ్మా."

దిండు మీద చప్పుడు రాకూడదు. కానీ ఫోన్‌లో కీబోర్డు టకటకలు స్పష్టంగా వినిపించాయి. తెరమీద మరో కంప్లెయింట్ పూర్తయింది. దాని కింద, ఆయన ఆఫీసులో ఉన్నప్పుడు రోజూ అనే మాటే ఉంది: నువ్వు ఇంటికెళ్లమ్మా, నేను చూసుకుంటా.

అంతలో మేనేజర్ మెయిల్ వచ్చింది. పని బాగానే సాగుతోంది కాబట్టి రేపట్నుంచి ఆ ఒక్కరూ అక్కర్లేదట.

కనీజ్ చివరి బస్సెక్కింది. సగం దారిలో ఎందుకో కిందికి చూసుకుంది. ఒళ్లోని బ్యాగు మీద తన వేళ్లు ఆడుతున్నాయి.