మూడో క్యాంపు

"గంటసేపు ఉంచుకోండ్రి మేడం. చేర్పిచ్చేది లేనిది తర్వాత చెప్త," అంటూ సుభాషిణి ఎనిమిదేళ్ల కూతురు చైత్రను హనుమకొండలోని వేసవి క్యాంపులో వదిలింది.

ఆటిజం ఉన్న చైత్ర సొంతంగా మాట్లాడదు. విన్న మాటల్నే తర్వాతెప్పుడో అప్పజెప్తుంది. సుభాషిణి క్యాంపులను పరీక్షించేది వాటితోనే. ఇప్పటికే రెండుచోట్ల టీచర్లతో కొట్లాడి వచ్చింది.

గంట తర్వాత చైత్ర బయటికొస్తూనే మొదలుపెట్టింది.

"సప్పుడు చెయ్యకు. నీ అసొంటిదాన్ని ఎవలు ఉంచుకుంటరే?"

"మళ్ల గవే మాటలు!" సుభాషిణి క్యాంపు నడిపే హుమేరా మీదికి లేచింది. "పసిపిల్లను గట్లనేటందుకు మీకు నోరెట్లొచ్చింది?"

"మేమేమనలేదమ్మా. గంటసేపు పూసలు గుచ్చింది. మంచిగనే ఉంది."

"అబద్ధం! అది విన్నదే అంటది."

"ఇంకా అంటాంది. జర వినుండ్రి."

చైత్ర తల్లి చున్నీ అంచు పట్టుకుని, ఆపిన చోటునుంచే అందుకుంది.

"ఈడ గూడ వద్దంటే ఏడనన్న ఇడిసిపెట్టి పోత. నిన్ను కన్నందుకు నా బతుకు ఆగమైంది."

సుభాషిణి చెయ్యి కూతురి నోటిని గట్టిగా మూసింది.

హుమేరా ఆ చేతిని మెల్లగా తీసేసింది.

"పాపను చేర్చుకుంటం. కానీ సాయంత్రం మళ్ల మీ ఇంటికే పంపాలె గదా, గదే ఫికర్."