గురుడి పక్కనుంచి

...అంగారకుడికి రెండు వందల యాభై తొమ్మిది రోజులు. అదీ సరైన రోజున బయలుదేరితేనే. గ్రహం ఇప్పుడున్న చోటికి గురిపెడితే, నౌక చేరేసరికి అక్కడ ఏమీ ఉండదు.

రెండో దెబ్బ మోచేతి మీద పడింది. మగ్గంలో షటిల్‌ను విసిరే కర్ర అది. ఎముక విరిగిన చప్పుడు నరేశ్‌కు చెవుల్లో కాదు, పళ్ళలో వినిపించింది.

"నా చెల్లె ఏడున్నదిరా?" సాకేత్ రావు అరిచాడు.

కేకలు బయటికి పోకుండా నరేశ్ ఇంటి షెడ్డులోని ఎనిమిది మరమగ్గాలనూ అతనే ఆన్ చేయించాడు. అతని దోస్తు గణేశ్ తలుపు కాస్తున్నాడు.

"తెల్వదు."

"కాలేజీల ఫిజిక్స్ చెప్తవట గదా. గీ లెక్క చెప్పు. భవ్య తొమ్మిదింటికి కోరుట్లల బస్సెక్కింది. సిరిసిల్లకు ఎప్పుడొస్తది?"

"రెండు గంటలు పడ్తది," గణేశ్ అన్నాడు.

"గంతే," సాకేత్ అన్నాడు. "ప్రేమించినోని కాడికే గదా అచ్చేది. గీడనే కూసుందాం."

నరేశ్‌కు నవ్వొచ్చింది. దూరాన్ని వేగంతో భాగించి ఊరుకున్నారు. గ్రహం కదలదనుకున్నారు. పదకొండున్నరకు పడమరన ఎల్లారెడ్డిపేట బస్టాండులో భవ్య దిగాలి, తను కలవాలి. అక్కడినుంచి కామారెడ్డి, రైలు.

కానీ తను కనబడకపోతే? భవ్య వెతుక్కుంటూ ఇక్కడికే వస్తుంది. ఈ కర్ర కిందికి.

"నవ్వుతున్నవారా?" బూటు డొక్కలో దిగింది. నోట్లోకి రక్తం వచ్చింది.

శనికి నేరుగా పోతే ఆరేళ్ళు. గురుడి పక్కనుంచి పోతే మూడే. అదే కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే భవ్య ఒకసారి స్టాఫ్‌రూములో అడిగింది.

"గురుడి కాడ నౌక ఆగదా నరేశ్?"

"ఆగదు. గురుడి వేగం కొంత తీస్కొని పోతది."

"పాపం గురుడు," అని నవ్వింది.

పదకొండున్నర దాటింది. పదకొండు నలభై. తలుపు అవతల ఏ అడుగు చప్పుడైనా ఆమెదేననిపించి, దెబ్బల కంటే దానికే ఎక్కువ వణికాడు. సాకేత్ లాక్కున్న నరేశ్ ఫోను అతని చేతిలోనే మోగింది. చూసి, కర్ర దించాడు. మెసేజ్ పెద్దగా చదివాడు.

"'బస్టాండు దాటిన. దిగలే. ఇంట్ల నుంచి బయటపడే ధైర్యం నువ్వే ఇచ్చినవ్. టికెట్ మాత్రం నా ఒక్కదానికే తీసుకున్న. ఎదురుచూడకు.'"

మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. సాకేత్ అతని ముందు గొంతుకూర్చున్నాడు. గొంతు దాదాపు జాలిగా ఉంది.

"వాడుకొని పారేసిందిరా నిన్ను. ఇంక ఎవలికోసం దాస్తవ్? ఏ బస్టాండు? ఎటు పోయింది?"

నరేశ్ విరగని చెయ్యి మెల్లగా ఎత్తి, తూర్పున కరీంనగర్ రోడ్డు వైపు చూపించాడు.