నెకుల్ సమాధి పక్కన పెవెన్ మొక్క

నా కొడుకు నెకుల్ సమాధి పక్కన ఏ మొక్క పెట్టాలా అని నేనూ మా మరిది అంతిలాఫూ చలిగాలిలో నిలబడి పోట్లాడుకున్నాం.

“అవెయానో పెట్టు వదినా, మంచుకు చావదు. ఆరేళ్ళకే గింజలు.”

“వాడికా గింజలు గిట్టవు.”

“పోనీ మాకీపొద పెట్టు. మూడేళ్ళకే నల్లటి పళ్ళు.”

“పిట్టలు తిని వాడి నెత్తినే రెట్టేస్తాయి. పెవెనే పెడతా.”

“మతుండే అంటున్నావా? వాడు కాయలు దులపడానికెక్కి, పడి ప్రాణం పోగొట్టుకుంది పెవెన్ మీంచే కదా! పైగా పాతికేళ్ళదాకా కాపే రాదు.”

“అదే కావాలి. కాపొస్తేగా ఎవడైనా ఎక్కేది?”

మొక్క పాతేశాను. నా మోకాలి ఎత్తుంది.

“ఎక్కరా వెధవా,” అన్నాను మట్టి తట్టి. “ఇప్పుడెక్కు. ఇక్కణ్ణించి పడితే మోకాలైనా చెక్కుకోదు.”