కొండ మీద తోడు

"అన్న పారాగ్లైడర్ ఇవ్వు వదినా. ఇవాళ దాంతో ఎగురుతాను," అన్నాను గుమ్మంలో నిలబడి.

బురుల్ వదిన నా మొహంలోకి చూసింది. జుమాదిల్ అన్న గుండె ఆగి పోయి తొమ్మిది రోజులు. కిర్గిజ్ దేశమంతా ఆయన పాటలే పాడుతుంది. అంతటి మనిషి మా పక్కింట్లో ఉంటూ, రొట్టెల కొట్టు దగ్గర అందరితోపాటు వరుసలో నిలబడేవాడు. ఆదివారం నా సంచి కూడా తనే మోస్తూ కొండెక్కేవాడు.

"ఒక్కడివే వెళ్తున్నావా?"

"ఇంకెవరున్నారు నాకు?"

"గాలి ఎలా ఉంది?"

"ఎలా ఉంటే ఏంలే."

వదిన తలుపుకి అడ్డంగా నిలబడింది. "మీ అన్నకి ఎత్తంటే భయం, తెలుసా?"

"ఆయనకా? మూడేళ్ళు నా పక్కనే ఎగిరాడు!"

"ఆదివారం పొద్దున ఏం తిన్నా కక్కుకునేవాడు. మానెయ్యమని పోట్లాడేదాన్ని. 'సాయకల్ పోయినప్పట్నుంచి వాడు కొండ అంచున నిలబడే తీరు బాగాలేదు, ఒంటరిగా పంపలేను' అనేవాడు."

సాయకల్ నా భార్య.

ఎగిరే ముందు ప్రతిసారీ నా పట్టీలన్నీ అన్నే లాగి చూసేవాడు. చాదస్తమని వెక్కిరించేవాణ్ణి.

"నాకు ఎగరడం రాదు ఇసాబెక్. ఈ వయసులో నన్నూ నేర్చుకోమంటావా?" అంది వదిన.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె నన్ను లోపలికి తీసుకెళ్ళి టీ పోసింది, గిన్నె అడుగున రెండు గుక్కలే. మా వైపు గిన్నె నిండా పోశారంటే ఇక వెళ్ళిరమ్మని.