నాన్న చివరి వైన్

"ఈ పంటకి మన పేరు వెయ్యలేం, మైలీస్" అన్నాడు నేలమాళిగ చూసుకునే ముసలి ఆన్సెల్మ్, నోట్లోని వైన్ తొట్లోకి ఉమ్మేసి.

మైలీస్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నేలమాళిగలోని ఇరవై రెండు పీపాలూ రుచి చూడడం అప్పుడే అయింది. కాసేపట్లో బోర్డో నుంచి వ్యాపారి వస్తాడు. వైన్ తమ తోట మొంతారిబ్ పేరుతో సీసాలకెక్కుతుందా, పేరు లేకుండా టోకున పోతుందా అన్నది ఈలోగా తేలాలి.

"ఒక్క పీపా కూడా పనికిరాదా?"

"రాదు. తీపి ఉంది, అంతే. మింగాక నాలుక మీద ఏమీ నిలవడం లేదు. వాన వెలిశాక గాలికి గుత్తులు ఆరేదాకా నాలుగు రోజులు ఆగాల్సింది. తొందరపడి కోత పెట్టేశారు. పండుకి తీపినిచ్చే మంచి బూజుతో పాటు కుళ్ళబెట్టే చెడ్డ బూజూ పీపాల్లోకి వచ్చేసింది."

"నాన్న తొందరపడ్డాడంటారా? ముప్పై ఎనిమిది కోతలు చేయించిన మనిషి!"

ఆన్సెల్మ్ గ్లాసు కడిగి బోర్లించాడు.

"కోతలయిన మూడో వారానికే పోయాడాయన. ఇదే చివరిది. దీని మీద మన పేరు లేకపోతే నేను అమ్మ మొహం ఎలా చూడను?"

"యజమానివి నువ్వు. వెయ్యాలనుకుంటే వేసుకో." మొలలోంచి తాళాలగుత్తి తీసి పీపా మీద పెట్టాడు. "నా చేత్తో మాత్రం వెయ్యలేను."

"బెదిరిస్తున్నారా, ఆన్సెల్మ్ గారూ? ఆయన ఉన్నన్నాళ్ళూ మీ నోరు పెగిలేది కాదు. పోయినవాళ్ళ పనికి వంకలు పెట్టడం ఎంత సులువో కదా!"

ముసలాయన మొహం పాలిపోయింది. ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

పెరట్లో కారు ఆగిన చప్పుడైంది. మైలీస్ కళ్ళు తుడుచుకుంది. ఏమనుకుందో, మొదటి పీపా దగ్గరికి వెళ్ళి తనే మళ్ళీ గ్లాసులో పోసుకుంది. వాసన చూసింది. ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. తరవాత మెట్లెక్కి పైకి వెళ్ళింది.

"ఈ ఏడు మొంతారిబ్ లేదండీ" అంది వ్యాపారితో. "ఉన్నదంతా టోకున పట్టుకుపోండి. ఎక్కడా మా పేరు రాయకండి."

"అదేంటమ్మా! మీ నాన్నగారి చివరి పంట కదా, జనం ఎగబడి కొంటారు!"

"కొంటారు. అందుకే వద్దంటున్నాను."

కారు వెళ్ళిపోయాక కిందికి దిగింది. ఆన్సెల్మ్ ఇంకా పీట మీదే ఉన్నాడు.

"మా నాన్నని నా నోటితోనే కాదనిపించారు" అంది. "ఇప్పుడు తృప్తేనా?"

"ఆయన్ని ఎవరు కాదన్నారమ్మా?" ముసలాయన తలెత్తాడు. "ఆయన చివరి వైన్ అంతకు ముందటేడుది. అది దివ్యంగా ఉంది. ఈ కోతలప్పుడు ఆయన మంచం దిగలేదు కదా, అక్కణ్ణించే రుచి చూసి అన్నీ చెబుతున్నాడనుకున్నారు మీరంతా. అప్పటికే జబ్బుకి నాలుక చచ్చుబడింది. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

లేచి పీపాని తడిమాడు.

"ఈ ఇరవై రెండూ నేను చేసినవి."