మొదటి కదలిక

తాయ్ చీ వ్యాయామం క్లాసులో అందరూ అయిదో కదలికకు వెళ్లారు. పార్కిన్సన్స్ జబ్బుతో వణికిపోతున్న రిటైర్డ్ బస్సు డ్రైవరు మాత్రం మొదటిదాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు. బరువంతా ఒక కాలి మీదికి తేవడం, నడుము తిప్పుతూ రెండు చేతులతో గాలిని పక్కకు నెట్టడం.

రెండుసార్లు పడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయింది. మళ్లీ లేచాడు.

"ఇవాళ్టికి చాలు బాబాయ్," అన్నాడు మాస్టారు.

"రేపటిదాకా ఆగే పని కాదు మాస్టారూ."

"మిగతావీ నేర్చుకుంటేనే కదా నడక బాగుపడేది!"

"నా నడక ఎవడిక్కావాలి?" అన్నాడు పెద్దాయన. "మా ఆవిడ మంచాన పడి ఏడాదైంది. రెండు గంటలకోసారి నేనే పక్కకు తిప్పేవాణ్ణి. పది రోజులుగా ఈ చేతులు ఆడట్లేదు. నిన్న ఆవిడ వీపు మీద పుండు కనబడింది."

మాస్టారు అక్కడే ఉన్న బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు.

"తిప్పండి బాబాయ్."